జాబితాలో లేని గరిటె

జిల్లా పోలీసు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వంటగదిలో జప్తు చేసిన పాత్రల జాబితాను సరిచేయించుట గురించి.

1. రంగుల ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి నలుగురు కాలిపోయారు. వారిలో ఒకరు నా భర్త. యజమానిని అరెస్టు చేయాలని గేటు దగ్గర పాడుతుంటే తమరు డప్పులు, మైకులు, గుంపులు నిషేధించారు. అందుచేత మా వీధి ఆడవాళ్ళం రోజూ సాయంత్రం ఆరింటికి ఎవరి వంటగదిలో వాళ్ళం నిలబడి కంచాలు వాయిస్తున్నాము. మా అమ్మాయి కిటికీ దగ్గర "నలుగురినీ కాల్చిందెవరు?" అని ఎత్తుకుంటుంది. వీధంతా అందుకుంటుంది. సొంత వంటగదిలో పాడరాదని తమ ఉత్తర్వులో లేదు, రెండుసార్లు చదివాను.

2. మొన్న మంగళవారం ఆరూ పదికి హెడ్ కానిస్టేబులు గారు, మరి ముగ్గురు తలుపు పగలగొట్టి లోపలికి వచ్చారు.

"ఇది వంటిల్లా, బ్యాండు మేళమా?" అన్నారు హెడ్ గారు.

"మీరూ ఓ కంచం పట్టుకోండన్నా, ఒక చెయ్యి తక్కువైంది" అంది మా అమ్మాయి.

ఆయన నా చేతిలోని ఇనుప గరిటె లాక్కుని అమ్మాయి దవడ మీద కొట్టారు. పడిపోయాక మరో రెండు దెబ్బలు వేశారు. అడ్డం వెళితే నా మణికట్టును బూటుతో తొక్కారు. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలను మన్నించాలి.

3. జప్తు జాబితాలో కంచాలు ఆరు, మూతలు మూడు, గిన్నెలు రెండు, వెరసి పదకొండు "వాయిద్యాలు" అని ఉంది. మా ఇంట్లోంచి పోయినవి పన్నెండు. గరిటె రాయలేదు. దాని కాడ చివర వంకర ఉంటుంది.

4. అమ్మాయి మెట్ల మీంచి జారిపడిందని నివేదికలో రాశారు. మా ఇంటికి మెట్లు లేవు. ఊడిన మూడు పళ్ళు ఏరి డబ్బాలో దాచాను. దవడకు తీగ వేసి కట్టారు. మళ్ళీ పాడగలదా అంటే డాక్టరు గారు మాట మారుస్తున్నారు.

కంచాలు తమరే ఉంచుకోండి. పన్నెండో వరుసలో గరిటెను రాయించి, అది ఎవరి చేతిలో ఉండి ఏం చేసిందో పక్కనే రాయించి, ఆ మనిషి మీద కేసు పెట్టించవలసిందిగా ప్రార్థన. ఈ నాలుగు సంగతులూ, వరుస తప్పకుండా, తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పన్నెండు పాత్రల ఇంటావిడ

తా.క.: నిన్న ఆరింటికి తమవారు పగలగొట్టిన తలుపు చెక్క మీద ఎడమచేత్తో వాయించాను. నాకు పాట రాదు, తాళం తప్పింది. మంచం మీంచి అమ్మాయి వేళ్ళతో కొట్టి సరిచేసింది. వీధంతా అందుకుంది.