ఫ్రేము వెనక్కి మడిచిన ఆడవాళ్లు

సంఘం కార్యదర్శి గారికి,

సమ్మె గెలిచిన రోజు తీసిన ఫోటోను కాన్వాసు మీద గోడంత ప్రింటు వేయించి సంఘం హాల్లో తగిలించారు. అంచులను చెక్క ఫ్రేము వెనక్కి మడిచి పిన్నులు కొడతారని తెలిసీ చుట్టూ ఖాళీ ఎందుకు వదిలించలేదు? మధ్యలో కుర్చీల్లో తమరంతా నిండుగా ఉన్నారు. చివర్లో నిలబడ్డ ఆడవాళ్లే ఫ్రేము వెనక్కి పోయారు.

నిన్న కుట్టు విభాగం అక్క ఆ ఫోటో కూతురికి చూపిద్దామని వచ్చింది. "నువ్వేదమ్మా?" అంది పిల్ల. అక్క ఫ్రేము వెనక్కి తొంగిచూసి, "ఇదిగోనే, భుజానికి పిన్ను కొట్టి మరీ దాచారు" అని నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"అంచులే కదయ్యా పోయింది" అన్నారట తమరు. గేటు దగ్గర లాఠీలకు ఎదురు నిలిచింది ఆ అంచులేనండీ!

మళ్లీ వేయించండి. అందాకా ప్రింటును వెనక్కి తిప్పి తగిలించాను. హాల్లోకి వచ్చేవాళ్లకు ఇక ఆడవాళ్లే కనిపిస్తారు. తమరు గోడను చూస్తూ కూర్చుంటారు.

ఇంకా సభ్యుడిగానే ఉన్న
నేను