ముసలాయన ఆకు పేరు చెప్పేసినాడు

అక్కా,

నువ్వు పోయి నాలుగేళ్లయింది. నీకు పసరు పోసిన కొండ కింద ముసలాయన నిన్న ఆ ఆకు పేరు చెప్పేసినాడు. కాలేజీ నుంచి జీపులో వచ్చిన మేడం అడగ్గానే చెప్పినాడు, చీటీ మీద రాయించినాడు కూడా.

పేరు బయటపెడితే మందు పనిచెయ్యదని మన చేత ఒట్టు వేయించుకున్నోడు ఈయనే. నెల్లూరు డాక్టరు "ఏం మందు తాగుతున్నావమ్మా?" అంటే నువ్వు నా చెయ్యి నొక్కినావు. కొండెక్కి ఆకు కోసుకొచ్చింది నేనే. తెలిసీ నోరు మూసుకున్నాను. వెంటనే ఆపరేషన్ చెయ్యాలని ఆ డాక్టరు చెప్తా ఉంటే, రొమ్ములో గడ్డ పసరుకే కరుగుతాదని ఉదయగిరి బస్సెక్కేస్తిమి.

మేడం ముందే ముసలాయన పసరు కొంచెం తీసుకుపోయి కాలేజీలో పరీక్ష చేసిందంట. ఆ పసరు తగిలితే కేన్సర్ కణం లోపల ఒత్తిడి పెరిగి, తట్టుకోలేక చస్తాదంట. అది ల్యాబులో, గాజు పళ్లెంలో పెట్టిన కణాల మాట. మనిషి ఒంట్లో ఏమవుతుందో తనకింకా తెలీదని మేడం చెప్పింది. తెలీదు అనే ఆ ఒక్క మాట ముసలాయన నోట ఏనాడూ రాలేదు.

"ఇది తాగినోళ్లకు ఏమైంది తాతా?" అని ఆమె అడిగింది.

"అందరికీ నయమైంది" అన్నాడు, నా మొహం చూస్తానే.

నాకు ఒళ్లు మండిపోయింది. "మా అక్క తాగింది. ఆరు నెలలకు చచ్చిపోయింది. అది కూడా రాసుకో మేడం" అన్నాను.

"ఆమె పేరు?" అంది.

ఈసారి నోరు మూసుకోలేదక్కా. చెప్పినాను. ఆకు పేరు కిందనే రాసుకుంది.