పంజాగుట్టకెక్కిన మంగవ్వ తలుపు

పంజాగుట్ట ఇనుప సామాను దుకాణం యజమాని విజయరత్నం గారికి,

నా పేరు మంగవ్వ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో చెప్పగలవాళ్లు పోయారు. ఉండేది అమీర్‌పేట. ఇంట్లో కొడుకు సాయిలు, కోడలు బుచ్చమ్మ, పురిటికి వచ్చిన మనవరాలు భూలక్ష్మి, దాని చంటివాడు. నాకు రాయరాదు. చెబుతుంటే పక్కింటి తబితమ్మ రాస్తోంది.

మా వీధి గుమ్మానికున్న తడక విరిగింది. కూలగొడుతున్న నవాబు దేవిడీలో ఒంటిరెక్క టేకు తలుపు పొయ్యి పాలవుతుంటే అడ్డుపడి తెచ్చుకున్నాను. దానికి మడతబందులు లేవు, గడియ లేదు. పైన అద్దం గూడు ఖాళీ. గూడు పొడవు రెండు జానలు, వెడల్పు జానెడు. అన్నీ ఇత్తడివే పంపాలి. చలి మొదలైంది. బాలింత గోనెపట్టా వెనక పడుకుంటోంది.

ఇట్లు,
మంగవ్వ

తా.క. "నవాబుల తలుపు మనకెందుకే అవ్వా?" అని సాయిలు అడిగాడు. "నవాబుకు పెట్టిన చలి మనకు పెడ్తలేదారా?" అన్నాను.

*

మంగవ్వ గారికి నమస్కారములు.

యుద్ధం మూలంగా ఇత్తడి రావడం లేదు. ఇనుప బందులు, గడియ తీసి ఉంచాను. అద్దం మాత్రం మీరు చెప్పిన కొలతకే కోయించి పంపుతున్నాను.

చిత్తగించవలెను,
విజయరత్నం

తా.క. కోసినవాడు మా వడ్రంగి సాలమన్. నమ్మకమైన చెయ్యి.

*

విజయరత్నానికి మంగవ్వ రాయించేది.

అద్దం గూట్లో పట్టలేదు. నేను కొలిచింది నా జానతో. సాలమన్ కోసింది తన జానతో. అది చెయ్యా, చేటా? "కొలత చెప్పినోళ్ల చెయ్యి చూడకుండ అద్దమెట్ల కోస్తరయ్యా?" అని అడుగుతున్నాను. తిప్పి పంపుతున్నాను. సరైనది రావాలి.

మంగవ్వ

తా.క. అద్దాన్ని గోడకు ఆనిస్తే, లోపల ఇంకో మేక ఉందని మా మేక పొడవబోయింది. మేక తప్పేం లేదు.

*

మంగవ్వ గారికి,

చేతులు మనిషికొక తీరు. తలుపును కళ్లారా చూస్తే తప్ప ఇక అద్దం కోయలేము.

విజయరత్నం

తా.క. సాలమన్ నొచ్చుకున్నాడు. పొద్దుటినుంచి రెండు చేతులూ జేబుల్లోంచి తీయడం లేదు.

*

విజయరత్నానికి,

చూడాలన్నావు, చూసుకో. తలుపునే బండిమీద పంపుతున్నాను.

మంగవ్వ

తా.క. పక్కన సాయిలు నడిచి వస్తున్నాడు. దారిలో గీత పడితే వాడిని అంటాను, దుకాణంలో పడితే నిన్ను.

*

గౌరవనీయులైన మంగవ్వ గారికి,

సాలమన్‌ను మీ ఇంటికి పిలుస్తారనుకున్నాను. తలుపే దించి మీ సాయిలు వెళ్లిపోయేసరికి, మీరు దాన్ని వదులుకోదలచారని గ్రహించాను. అద్దం, బందులు, గడియ వేయించి మా దుకాణం గుమ్మానికే పెట్టించాను. కొలిచి చేసినట్టు కూర్చుంది! బదులుగా మీకు కొత్త రేకు తలుపు చేయిస్తాను.

తమ విధేయుడు,
విజయరత్నం

తా.క. నిన్న ఒక పెద్దమనిషి జట్కా ఆపించి, తలుపుకు సలాం చేసి వెళ్లాడు. మేకులు మాత్రం కొనలేదు.

*

విజయరత్నానికి, నీ దుకాణం లోపలినుంచి మంగవ్వ రాయించేది.

నువ్వు అన్నానికి పోయినప్పుడు వచ్చాం. తలుపు ఎక్కడుంటే బాలింత అక్కడ. తల్లినీ పిల్లవాణ్ణీ గల్లా పక్కన పడుకోబెట్టి గడియ వేశాను. నీ గుమాస్తా కనకయ్య లోపలే చిక్కాడు. ఒక చేత్తో ఇది రాస్తూ, రెండో చేత్తో చీర ఉయ్యాల ఊపుతున్నాడు. "మా సేటు నన్ను తీసేస్తడవ్వా" అని ఏడ్చాడు. "లోపటికొస్తె గద బిడ్డా తీసేసేది" అన్నాను.

సరుకు మీద నాకు ఫిర్యాదు లేదు. నువ్వూ నీ మనుషులూ అంత తోసినా గడియ కదల్లేదు. రవ్వంత గాలి రావడం లేదు. అద్దం సుత మంచిదే, నువ్వు బయట చేతులు తిప్పుతున్నదంతా కనబడుతోంది. ఆ రేకు తలుపు నీ దుకాణానికి పెట్టుకో. బండి, పనిముట్లు, సాలమన్ ముగ్గురూ వచ్చి నిలబడితే గడియ తీస్తాను. పొద్దుగూకేలోపు ఈ తలుపు నా గుమ్మానికి ఎక్కాలి.

తా.క. పొగ చూసి అరవకు. దుకాణం కాలడం లేదు. పిల్లవాడికి నీళ్లు పోసి సాంబ్రాణి వేశాం.

మంగవ్వ వేలిముద్ర

సాక్షులు:
భూలక్ష్మి, లోపల.
గుమాస్తా కనకయ్య, లోపల.
వడ్రంగి సాలమన్, బయట. అద్దానికి ఆనించిన ఈ ఉత్తరం చదివి, జేబుల్లోంచి చేతులు తీసి బండి కట్టడానికి పోయాడు.