తీపి తగ్గితే తిరిగే పురుగులు

నవంబరు 9, ఆదివారం

నేను చెబుతా, నువ్వు రాయి మహిమా. నా పేరు కొండమ్మ. వయసు డెబ్బై రెండో మూడో. ఊరు పర్చూరు పక్కన. ఇంట్లో నేనూ, మనవరాలు మహిమా, అంతే. నాకు చదువు రాదు, నోరుంది. కాపు మీదున్న నా ఎకరం మిరప తోట ఆకు పచ్చగా ఉండగానే వాలిపోయింది. కింది చేను నా తమ్ముడు యలమందయ్యది. వాడు వీపున ట్యాంకు వేసుకుని గట్టు మీద తిరగడం చూశాను. గడ్డి మందు కొట్టాడు. రేపు పోలీసు స్టేషన్లో ఇస్తాను ఈ కాయితం.

నలుగుర్లో వాణ్ణి దుమ్మెత్తి పోశాను. నీ చేతులు పడిపోను అన్నాను. అక్కాయ్, బైబిలు మీద ఒట్టు, నా గట్టు గడ్డికే కొట్టుకున్నా అన్నాడు. ఆ చేతుల్తో బైబిలు ముట్టకురా అన్నాను.

నవంబరు 10

మహిమ స్టేషన్‌కి రానంది. గుంటూరులో మైక్రోబయాలజీ చదువుతోందిగా. వాలిన మొక్క కాండం కోసి గ్లాసు నీళ్లలో వేలాడదీసింది. తెల్లగా పాల దారంలా కిందికి దిగింది. అదంతా బ్యాక్టీరియా అంట. మందు పడితే అట్లా దిగదంట. నీ చదువు కూడా వాడి పక్కేనా అని తిట్టాను.

నవంబరు 14

ల్యాబ్‌లో తీసిన వీడియో ఫోన్లో చూపించింది. ఆ బ్యాక్టీరియా పురుగులే, ఈదుతున్నాయి. కళ్లు లేవంట, తోకలున్నాయంట. వేరు నుంచి ఊరే తీపి ఇందాకటికన్నా ఎక్కువైతే తిన్నగా పోతాయి. తగ్గితే ఆగి, పిల్లిమొగ్గ వేసి, ఇంకో పక్కకి తిరుగుతాయి. అట్లా వెతుక్కుంటూ వేరులో దూరతాయి.

ఆకు వాలిందని నేను తడి మీద తడి పెట్టాను. అవి ఈదటానికి నీళ్లు నేనే ఇచ్చాను.

నా నీళ్లు కిందికే పోతాయి. యలమందయ్య తోటా వాలిందంట. వాడు నోరెత్తలేదు.

నవంబరు 15

చెప్పేద్దామని వాడి గుమ్మం దాకా వెళ్లాను. వెనక్కి వచ్చేశాను. రేపు చర్చిలో అందరి ముందూ చెబుతాను.

నవంబరు 16

యలమందయ్య పొద్దున్నే తోటలో పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, నోరు పడిపోయాయి.

నవంబరు 19

బీపీ అన్నాడు డాక్టరు. మహిమా అదే అంటోంది. చేతులు పడిపోను అని నేనన్న మాట దానికి తెలుసు, రాసింది అదేగా.

కళ్లు లేని పురుగు, పోయే దారి తప్పు అని తెలియగానే తిరిగింది. నేనూ తిరిగాను. గుమ్మం దగ్గర్నుంచి.

నవంబరు 30

నా తమ్ముడు గడ్డి మందు కొట్టలేదు. నేనన్నది అబద్ధం.

కొండమ్మ, వేలిముద్ర.

సాక్షులు:
మహిమ, సంతకం.
యలమందయ్య, కుడి చేతి వేలిముద్ర. సంతకం చేసే చెయ్యి అది. నేనే పట్టుకుని వేయించాను. చెయ్యి లాక్కోలేదు.

లాక్కోలేడు.