అన్నీ సరిగ్గ చెప్పినందుకు టీచర్ బంద్

ప్రత్యేక బోధన విభాగం పెద్దసారు గారి సముఖమునకు,
వికారాబాద్.

అయ్యా,

విషయం: నా కూతురు కృపారాణికి ఇంటికొచ్చి చదువు చెప్పే టీచర్‌ను తిరిగి పంపించుట గురించి.

పెద్దేముల్ మండల నివాసి, తాండూరు బండల పాలిష్ యూనిట్‌లో కూలి అయిన మత్తయ్య అను నేను సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

అర్జీ రాసే పద్ధతి జిరాక్స్ షాపు పరమేశ్ చెప్పిండు. నంబర్లు వేసి రాయాలె, ఏడుపులు రాయొద్దు అన్నడు. అట్లనే రాస్తున్న.

1. నా కూతురికి పదకొండేండ్లు. పుట్టుకతోనే బుద్ధి నెమ్మది అని డాక్టర్లు ధ్రువీకరించియున్నారు. బడిలో పేరు కలదు. అచ్చట ఒక్క సారు గారే రెండు తరగతులు చూచుకొనవలసియున్నందున, ఆమె వెనుక మూలన కూర్చుని ఇంటికి వచ్చుచుండెను. సారును తప్పు పట్టుట లేదు. ఆయనకు మాత్రం ఎన్ని చేతులున్నయ్?

2. సదరు పరిస్థితులలో తమ విభాగము వారు నీలిమ టీచర్‌ను ప్రతి గురువారం మా ఇంటికి పంపియున్నారు. ఆమె తాండూరు నుంచి షేర్ ఆటోల వచ్చి, నా బిడ్డ ముందట కింద కూసుని, దానికొక్కదానికే చెప్పేది. నేను యూనిట్ నుంచి తెచ్చిన నీలం బండ ముక్క, పసుపు బండ ముక్క పెట్టి రంగులు నేర్పింది. కంది గింజలతోని లెక్కలు నేర్పింది. సరిగ్గ చెప్పినప్పుడల్లా ఇద్దరు కలిసి చప్పట్లు కొట్టేటోళ్లు. దాన్ని మొద్దు అన్న మా చుట్టాలే నోరు తెరిసి చూసిన్రు.

3. తదుపరి తమ విభాగము వారు వికారాబాద్‌లో క్యాంపు పెట్టి, పిల్లలకు పరీక్ష చేయుదుము, తీసుకురండి అని ఆదేశించినారు. లైన్ల నిలబడ్డప్పుడు ఒక తల్లి నాతోని "అన్నా, పిల్లలు మంచిగ చెప్తే టీచర్‌ను తీసేస్తున్రంట, జర పైలం" అన్నది. బిడ్డను దగ్గరికి గుంజుకొని, "సారు ఏమడిగినా తెల్వదు అను బిడ్డా" అని చెవుల చెప్పిన. సరే అని తల ఊపింది.

లోపల సారు నీలం కాగితం చూపెట్టిండు. బిడ్డ నా మొఖం చూసింది. వద్దని కండ్లతోనే చెప్పిన. పెదవులు బిగవట్టి జరసేపు ఆగింది. ఇగ ఆగలేక "నీలం!" అని అరిచి చప్పట్లు కొట్టింది. ఆవు బొమ్మ చూసి ఆవు అన్నది, గడియారం బొమ్మ చూసి గడియారం అన్నది, గింజలు లెక్కవెట్టింది. కొత్తోళ్ల ముందు ఎన్నడూ నోరిప్పని పిల్ల సారూ! దాని నోరు మూయాల్నో, ఎత్తుకొని ఎగరాల్నో నాకు తెల్వలె.

4. సదరు క్యాంపు సారు "వెరీగుడ్, ఇగ మీ పాపకు ఇంటికి టీచర్ అవసరం లేదు" అని నిర్ణయించినారు. ఆ టీచర్ వస్తేనే గద సారూ దీనికి వచ్చింది అన్న. రూలు అన్నరు. పంట పండింది గదా అని బాయి పూడుస్తరా అన్న. "నెక్స్ట్" అన్నరు.

5. తాండూరులో అడుగగా వికారాబాద్ పొమ్మనిరి. వికారాబాద్‌లో అడుగగా పైనుంచి ఆర్డర్ రావాలె అనిరి. పైన ఎవరున్నరో చెప్పమంటే ఎవ్వరు చెప్పలే. నాకు తెలిసి పైన ఒక్కడే ఉన్నడు, ఆయనకు ఆదివారం ఆదివారం చర్చిల చెప్తనే ఉన్న.

6. ఇంట్ల మేమే చెప్పుకుందుమని కూసుంటే జరసేపటికే నాకు కోపం వస్తది, అది ఏడుస్తది, దాన్ని చూసి దాని తల్లి ఏడుస్తది. (పరమేశ్ ఇది కొట్టేయమన్నడు. కొట్టేయను.)

7. గురువారం వస్తే బిడ్డ తానం చేసి, బండ ముక్కలు పట్టుకొని గడప మీద కూసుంటది. ఆటో చప్పుడైతే లేస్తది. "టీచర్ ఎందుకొస్తలేదు నాయినా" అని అడిగిందే అడుగుతది. ఒకనాడు పని నుంచి వచ్చిన చిరాకుల "నువ్వు అన్నీ సరిగ్గ చెప్పినవ్ గదనే, అందుకే" అన్న. నోరు జారిన. అది మళ్ల అడగలే.

కావున తమరు దయతలచి నీలిమ టీచర్‌ను, వీలు కాకుంటే అంత ఓపిక ఉన్న ఇంకొకరిని, మా బిడ్డకు పంపించగలరని ప్రార్థన. ఈ అర్జీని చిత్తగించవలెను. చిత్తగించి పక్కకు పెట్టొద్దు సారూ.

తమ విధేయుడు, విధేయంగ తిరిగి తిరిగి యాష్టకొచ్చినోడు,
మత్తయ్య

తా.క.: గిది పరమేశ్‌కు చూపెట్టకుండ రాస్తున్న. నేను గా మాట అన్నకాన్నుంచి బిడ్డ అన్నీ తప్పే చెప్తున్నది. నీలం ముక్క చేతుల పట్టుకొని పసుపు అంటది. ఆవును చూసి బర్రె అంటది. మళ్ల క్యాంపు పెడితే పక్కా ఫెయిలైతది, మీ రూలుకు సరిపోతది. కానీ సారూ, తప్పు చెప్పినాక అది వాకిలి దిక్కు చూస్తది. నిజంగనే మర్చిపోయిందో, తప్పు చెప్తే టీచర్ వస్తదని చెప్తున్నదో, కన్నతండ్రిని, నాకు తెలుస్తలేదు. నీలిమ టీచర్‌కైతే తెలుస్తది. గా సంగతి చూసి చెప్పిపోనీకన్న ఒక్క గురువారం పంపుండ్రి.