చుక్కాని దగ్గర ఎవరు

జూన్ 3
డులూత్‌లో కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. బోటుకి బ్యాటరీ కొనాలని చెల్లెలు హిల్యాకి చెప్పి వెళ్లాను. ఎడమ కంట్లో నీటికాసులట. చూపు చాలావరకు పోయిందట, తిరిగి రాదట. కారు నడపొద్దన్నాడు. బోటు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కారు నడుపుకుంటూనే ఇంటికొచ్చాను. బ్యాటరీ కొనడం మర్చిపోయాను.

జూన్ 4
దొరకలేదన్నాను. నమ్మింది.

జూన్ 19
సుపీరియర్ సరస్సు ఇంకా చలికాలం నీళ్లలాగే ఉంది. నూట ఇరవై అడుగుల లోతున ఎరలు ఈడ్చాం. ఎడమవైపు గాలం కర్రకి ట్రౌట్ చేప పడింది. నేను చూడలేదు. కర్ర వంగి వంగి తిరిగి లేచింది, చేప తప్పించుకుంది. డబ్బిచ్చి చేపలు పట్టడానికి మా బోటెక్కిన కస్టమర్ల ముందే హిల్యా అరిచింది. "కర్ర విల్లయిపోతుంటే ఎటు చూస్తున్నావన్నా? ఒడ్డున పెళ్లికూతురేమన్నా కనబడిందా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇరవై సీజన్లుగా బోటులో నాకు సాయం నా చెల్లెలే. ఆగస్టులో కెప్టెన్ పరీక్ష రాస్తుంది. అప్పటిదాకా లాగేస్తే చాలు. ఆ తర్వాత చెబుతాను.

జూలై 8, సాయంత్రం
 ఇది రాయాలి.

పొద్దున పల్చటి పొగమంచు. కస్టమర్ ఒక్కరే, డాగ్నీ అనే డెబ్భై నాలుగేళ్ల ఆవిడ. జీవితంలో ఒక్క సాల్మన్ చేప పట్టాలని వచ్చింది. తొమ్మిదిన్నరకి పడింది. పెద్దది. గాలం లైను బరబరా లాక్కుంటూ కుడివైపుకి పోయింది. హిల్యా వల పట్టుకుని ఆవిడ పక్కన నిలబడింది. చేప మిగతా లైన్లకి చుట్టుకోకుండా నేను బోటుని ఎడమకి తిప్పాను.

హారన్ విన్నాను. ఇనుప ఖనిజం మోసే ఓడ. మంచులో చప్పుడు ఎటునుంచో తెలియదు. చుట్టూ చూశాను. ఏమీ కనబడలేదు. కనబడలేదు కాబట్టి లేదనుకున్నాను.

తర్వాత అయిదు పొట్టి హారన్లు, గుద్దుకుంటామని హెచ్చరిక. వెంటనే హిల్యా కేక. కత్తితో డాగ్నీ లైను కోసేసింది. నన్ను భుజంతో గెంటి, చుక్కానిని కుడికి పూర్తిగా తిప్పి, ఇంజన్‌ని అరిచేలా పెంచింది. అప్పుడు తల తిప్పి చూశాను. ఎడమవైపు ఆకాశం లేదు. ఎర్రటి ఇనుప గోడ. వంద గజాలు కూడా లేదు. దాని అలకి బోటు పక్కకి ఒరిగింది. డాగ్నీ నేలమీద పడింది. మోచెయ్యి చీరుకుంది.

"నా చేపని ఎందుకు కోసేశావమ్మా?" అని ఆవిడ ఏడ్చింది. ఓడని ఆవిడ చూడనే లేదు.

జూలై 9
ఓడవాళ్లు రేడియోలో ఫిర్యాదు చేశారు. కోస్ట్ గార్డ్ ఆఫీసర్ హార్బర్‌కి వచ్చాడు. చుక్కాని దగ్గర ఎవరున్నారని అడిగాడు.

నేను నోరు తెరిచాను. హిల్యా ముందే అనేసింది. "నేనే."

ఆఫీసర్ రాసుకున్నాడు. ఈ రిపోర్టుతో పరీక్షకి కూర్చోనిస్తారని నమ్మకం లేదన్నాడు. ఆమె తల ఊపింది. నేను నోరు మూసుకున్నాను.

జూలై 10
ఈరోజూ మూసుకునే ఉన్నాను.

జూలై 12
హార్బర్‌లో కాఫీ కౌంటర్ దగ్గర ఆర్విడ్ వదల్లేదు. నలభై ఏళ్లుగా మా పక్క రేవు వాడిది. "ఏం హిల్యమ్మా, ఈసారి ఓడకే గాలం వేశావంట! వలలో పట్టిందా?" అన్నాడు. కౌంటరంతా గొల్లుమంది. హిల్యా కాఫీకి పాలు కలుపుకుంది. కలుపుతూనే ఉంది.

నేను ఆమె పక్క స్టూలు మీదే కూర్చున్నాను.

జూలై 13
అడిగేశాను, ఎందుకలా చెప్పావని. ఎరలు పెట్టెలో సర్దుతూ తలెత్తకుండానే చెప్పింది. "ఈస్టర్ నుంచీ నీ ఎడమవైపు పెట్టిన కప్పునల్లా తన్నేస్తున్నావు. నువ్వే చెప్తావని చూశాను. ఓడ వచ్చాక కూడా చూశాను."

మరి ఆఫీసర్‌కి అబద్ధం ఎందుకన్నాను.

"బోటు లేకపోతే నువ్వేం చేస్తావో నాకు తెలీదన్నా. భయమేసింది. ఇప్పుడు నీమీద అసహ్యమేస్తోంది. రెండూ ఉన్నాయి. పో."

జూలై 14
ఎనిమిదికి కౌంటర్ నిండుగా ఉంది. లేచి నిలబడి చెప్పాను. చుక్కాని పట్టుకున్నది నేనే, కన్ను పోయిందని జూన్‌లోనే తెలుసు, హిల్యా లేకపోతే ముగ్గురం అడుగున ఉండేవాళ్లం. గొంతు అనుకున్నంత గట్టిగా రాలేదు. వెనకున్నవాళ్లు ఏమిటేమిటని అడిగితే మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారే కష్టం.

ఎవరూ నవ్వలేదు. ఆర్విడ్ కప్పు కింద పెట్టి అన్నాడు. "మరి ఇన్నాళ్లూ ఆ పిల్లని చూసి మాచేత ఎందుకు నవ్వించావురా వైనో?"

కాఫీ డబ్బులు అక్కడ పెట్టి బయటికొచ్చాను.

అక్కణ్నుంచి ఆఫీసర్ దగ్గరికి వెళ్లి లైసెన్స్ బల్లమీద పెట్టాను. హిల్యాని పిలిపించి అబద్ధానికి గట్టిగా చీవాట్లు పెట్టాడు. పరీక్ష మాత్రం ఆపలేదు. డాగ్నీకి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆగస్టు 21
పాసైంది. నాకు ఆర్విడ్ చెప్పాడు. ఆమె చెప్పలేదు.

సెప్టెంబర్ 6
పొద్దున హిల్యా మా ఇంటి ముందు కారు హారన్ కొట్టింది. వెళ్లి ఎక్కాను.

నలభై ఏళ్లలో మొదటిసారి బోటులో వెనక కూర్చున్నాను. అరగంటకే సరస్సులోకి వాంతి చేసుకున్నాను. చుక్కాని పట్టుకున్నవాడికి ఇది తెలియదు. కెప్టెన్ పగలబడి నవ్వింది. జూలై నుంచీ ఆ నవ్వు వినలేదు. ఆ నవ్వు కోసమన్నట్టు ఇంకోసారి వాంతి చేసుకున్నాను.