కలువ తొట్టికి వ్యాక్యూమ్

మార్చి 3, మంగళవారం

పెరట్లో తొట్టి అడుగున జానెడు మడ్డి. కర్ర దించి చూశాను. పైకి తీస్తే నల్లటి బంక, కుళ్ళిన వేపాకు వాసన. కలువలు మూడేసి ఆకులు వేసి ఆగిపోయాయి. చేపలు పొద్దున్నే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఎండలు ముదిరేలోపు మడ్డి తీయకపోతే అవి దక్కవు.

వనజ ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చీర ఎగ్గట్టి తనే దిగేది. తొట్టి కట్టించిందీ తనే, స్కూల్లో సైన్స్ టీచర్ కదా, కలువ కాడలు కోసి పిల్లలకు చూపించాలని. నేను లెక్కల టీచర్ని, గట్టు మీద కూర్చుని సలహాలిచ్చేదాన్ని. ఇప్పుడు దిగాలంటే నా నడుము ఒప్పుకోదు.

వనజకి ఫోన్ చేశాను. ఆమె పెళ్ళి చేసుకుని కుప్పం వెళ్ళిన ఎనిమిది నెలల్లో, నా అంతట నేను చేయడానికి ఇవాళే ఒక కారణం దొరికింది. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఊరికే ఎట్లా చేస్తాం... నలభై తొమ్మిదేళ్ళకి చేసుకున్నా కొత్త కొత్తే.

"వ్యాక్యూమ్ తీసుకోమే. తొట్లు క్లీన్ చేసేవి ఇప్పుడు వస్తాండాయి" అంది. ఏది తీసుకోవాలో రేపు చూసి చెప్తానంది.

రేపు. మంచిది.

మార్చి 4

రాలేదు ఫోను.

మార్చి 5, గురువారం

వచ్చింది. నలభై నిమిషాలు! రెండు రకాలున్నాయట. ఒకటి డ్రమ్ము నిండగానే ఆపి పారబోసుకోవాలి. ఇంకోటి ఒక పైపుతో లాగుతూ ఇంకో పైపుతో బయటికి తోసేస్తుంది, ఆపే పని లేదు. పైపు ఎంత లావు, ఆకులు అడ్డం పడితే ఏం చేయాలి, చిన్న చేపలు లోపలికి పోతాయా — అన్నీ అడిగాను. సగం జవాబులు నాకు తెలిసినవే.

మధ్యలో నేను సాంబారు పెట్టుకున్నానని చెబితే, చింతపండు తగ్గించి ఉండవులే అని తిట్టింది. పన్నెండేళ్ళు ఒకే వంటింట్లో ఉన్నాం. ఆ తిట్టు విని ఎంత హాయిగా ఉందో.

మార్చి 8, ఆదివారం

పైపు ఎన్ని అడుగులు కావాలని అడగడానికి చేశాను. "ఉండు, మా ఆయనకిస్తా. మిషన్ల సంగతి ఆయనకి బాగా తెల్సు" అంది.

మునిరత్నం గారు లైన్లోకి వచ్చారు. ఆయనకు గ్రానైట్ పాలిష్ యూనిట్ ఉంది. మంచి మనిషి. వంక పెట్టడానికి ఏమీ లేదు, అదే నా కష్టం. తొట్టి కొలతలడిగారు. ఎనిమిదడుగుల పొడవు, ఆరు వెడల్పు, రెండు లోతు, సుమారు రెండువేల ఏడొందల లీటర్లు అని చెప్పాను. ఆయన మురిసిపోయి, భలే లెక్క చెప్పారు టీచరమ్మా అన్నారు. ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడారు.

వెనక కుక్కరు విజిల్ వినబడింది. వనజ ఎవరితోనో నవ్వుతోంది. మళ్ళీ ఫోన్ దగ్గరికి రాలేదు.

మార్చి 10

ఆయన దగ్గర్నుంచి ఆరు వీడియోలు. అన్నిట్లోనూ ఎవరో తెల్లాయన, పచ్చటి గడ్డి, అద్దం లాంటి నీళ్ళు. వనజ నుంచి ఒక్క మెసేజీ లేదు.

మార్చి 12, గురువారం

స్కూలు అయ్యాక బస్టాండు రోడ్డులో షాపుకెళ్ళాను. డ్రమ్ము రకం ఉంది. "సోఫాలకి, కార్లకి తీసకపోతారు మేడం. కుంటకని యెవురూ అడగలే" అన్నాడు షాపతను, నన్ను ఎగాదిగా చూసి. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

మిషనే కావాలంటే, మంచిదో చెడ్డదో ఏదో ఒకటి ఎప్పుడో కొని ఉండేదాన్ని. కొనేశాక ఇంక వనజని ఏం అడగాలి? ఈ మాట రాయడానికే సిగ్గేస్తోంది. యాభై రెండేళ్ళ మనిషిని, ఫోన్ చేయడానికి మడ్డిని అడ్డం పెట్టుకుంటున్నాను.

మార్చి 13

వనజే చేసింది. పుంగనూరులో ఎవరో కార్లు కడిగే షెడ్డు తీసేస్తూ మిషన్ అమ్ముతున్నాడట, ఆదివారం చూద్దాం రమ్మంది. నాకూ దగ్గరే, వాళ్ళు పలమనేరు మీదుగా వస్తారు. నువ్వూ వస్తావా అని రెండుసార్లు అడిగాను. వస్తానంది.

మార్చి 15, ఆదివారం

ఆకుపచ్చ చీర కట్టుకున్నాను, అది వనజ ఏరిందే. జడకి కనకాంబరాలు కూడా. బస్సు దిగేసరికి మునిరత్నం గారొక్కరే నిలబడి ఉన్నారు. ఆయన మొదటి భార్య కూతురు పురిటికి వచ్చిందట. "వనజకి యాడ తీరతాంది టీచరమ్మా, పొద్దస్తమానం ఆ బిడ్డ దగ్గిరే" అన్నారు. గర్వంగానే అన్నారు.

షెడ్డు వాళ్ళు మిషన్ ఆడించి చూపించారు. డ్రమ్ము ముప్పై లీటర్లు, గుక్కతిప్పుకునేలోగా నిండింది. అంటే తొట్టికి తొంభై సార్లు ఆపాలి, తొంభై సార్లు మోయాలి. ఆ లెక్క చెబితే ఆయన పడీ పడీ నవ్వారు. వద్దనుకున్నాం. టీ తాగించి, తిరుగు బస్సు రాగానే జనంలోకి దూరి, కిటికీలోంచి తువ్వాలు వేసి నాకు సీటు పట్టారు. ఇంత మంచి మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి ఎన్ని తిప్పలు పడ్డానో దారి పొడుగునా.

పూలు ఇంటికొచ్చే సరికి వాడాయి.

మార్చి 19. ఉగాది

ఓళిగలు తిన్నావా అని వనజ ఫోను. తిన్నానన్నాను. చేయలేదు. ఒక్కదానికి బొబ్బట్లకని ఎవరు పిండి తడుపుతారు. పక్కన ఆ కూతురి పసిపిల్ల ఏడుపు వినబడి, మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

మార్చి 22, ఆదివారం

పొద్దున ఏడింటికి ఫోను. "ఆయన బండిలో వస్తాండాడు, ఇంట్లోనే ఉండు మే." నువ్వో అంటే, నేను యాడొస్తా అంది.

ఆయన, పనివాడొకతను, యూనిట్లో రాతిపొడి బురదని లాగే పెద్ద మిషను. పదిన్నరకల్లా మడ్డి మొత్తం వేపచెట్టు మొదట్లో ఉంది. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ రాయికి మెరుగు పెట్టే చేతులు కదా, ఆగుతాయా. గోడల నాచంతా ఇనుప బ్రష్షుతో గీకించారు. కలువ దుంపల్ని ముల్లంగి కడిగినట్టు కడిగించారు. పాత నీళ్ళు చుక్క మిగల్చలేదు. ట్యాంకర్ తెప్పించి నింపారు, బాగా మందు కలిపిన తాగేనీళ్ళే టీచరమ్మా అని చెప్పి మరీ. చేపల్ని వెంటనే వదిలారు.

సగం పాతనీళ్ళు ఉంచాలి, గోడ నాచు ఉంచాలి, క్లోరిన్ మందు నీళ్ళయితే చేపలకి విషం, రెండు రోజులు నిలవబెట్టాలి. వనజ పన్నెండేళ్ళు నా ముందే చేసింది. అన్నీ తెలుసు నాకు. చెప్తే ఆగేవారు. గట్టు మీద కూర్చుని నోరు విప్పలేదు. ఆమె రాలేదన్న ఉడుకు. కానివ్వు, ఎట్లా అవుతుందో అవనీ అనుకున్నాను.

మార్చి 23

పొద్దున నాలుగు చేపలు చచ్చి తేలాయి. తొమ్మిదిలో నాలుగు. నీళ్ళు అడుగు దాకా తేటగా ఉన్నాయి, ఒక్కోదాన్నీ చూడక తప్పలేదు. వేపచెట్టు కింద పూడ్చాను. స్కూలుకి సెలవు పెట్టాను. తలనొప్పి అని రాశాను.

తప్పు ఆయనది కాదు.

మార్చి 24, మంగళవారం

ఇంకోటి పోయింది. మిగిలినవాటిని వానకాలం నుంచీ కుండీలో నిలవున్న పాచి నీళ్ళలోకి మార్చాను.

సాయంత్రం వనజ చేసింది. నీళ్ళెట్లుండాయి అని అడిగింది, ఆయన ఫోటో చూపించాడట, మురిసిపోతున్నాడట. బాగున్నాయి అనబోయాను. నోరు రాలేదు. అయిదు చేపలు పోయాయని చెప్పాను. నాకు తెలిసీ ఆయన్ని ఆపలేదని కూడా చెప్పాను.

ఎందుకాపలేదని అడిగింది.  నోటికి వచ్చేసింది, "నాకు మిషన్ వద్దు వనజా. ఏ మిషనూ వద్దు. నువ్వు రావాలని నేను..." 

అటువైపు పిల్ల ఏడుస్తోంది. ఎవరో ఎత్తుకున్నట్టున్నారు, ఏడుపు దూరమైంది.

"ఇన్ని దినాలూ మిషను మిషను అంటాంటివి గదే" అంది వనజ. "నేను నిజంగా మిషనే అనుకుంటి. ఒక్క మాట చెప్పకూడదా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మెల్లగా, అలిసిపోయిన గొంతుతో, చూస్తాలే అంది.

వస్తా అనలేదు. నేను ఎప్పుడని అడగలేదు.